జన్యుచికిత్స లేక అక్షరదోషమును దిద్దుట

మన పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు మూడు వారములకొకమారు బడికి రాడు. హాజరుపట్టీలో ఆ ఖాళీలను చూచి మొదటి యేడు నేను వానిని గట్టిగా మందలించితిని. ఆ దినమున వాడు రక్తమెక్కించుకొనుటకు పోవుచున్నాడని తరువాత తెలిసినది. వానికి తలసీమియా యను వ్యాధి కలదు. పుట్టిన యేడాదిలోపలనే అది బయటపడెనట. నాటినుండియు ముక్కు మొగము తెలియని దాతల రక్తముతో వాని ప్రాణము నిలుచుచున్నది.

గడచిన వేసవిలో వాని తల్లి ఒక వార్తాపత్రిక ముక్క చేతబట్టుకొని మంఖాల్ గ్రామమునందలి మా యింటికి వచ్చినది. "సారూ, గీ బీమారికి అమెరికాల మందు వచ్చిందట గదా. ఒక్కపారి చేస్తే మళ్ల నెత్తురు ఎక్కియ్యనక్కర లేదట. నిజమేనా? మా పోరనికి అయితదా?" అని అడిగినది. మొదటి ప్రశ్నకు "నిజమే" యని చెప్పితిని. రెండవదానికి నాయొద్ద సమాధానము లేకపోయినది. దానికొరకు నేను చదివి తెలిసికొన్న సంగతులే యీ వ్యాసము. ఆమె అనుమతితోనే వ్రాయుచున్నాను.

మన దేహము కణములతో నిర్మితమైనదని మీరు చదివియున్నారు. ఎర్ర రక్తకణముల వంటి కొన్నిటిని మినహాయించిన, ప్రతి కణముయొక్క గర్భమునందును ఒక గ్రంథము వంటిది ఇమిడియున్నది. దానిని డీఎన్ఏ యందురు. మన తెలుగునకు ఏబదికి పైగా అక్షరములుండగా ఆ గ్రంథమునకు నాలుగే యక్షరములు. వానిని ఏ, టీ, జీ, సీ యని పిలుతురు. ఆ నాలుగింటితోనే దాదాపు 300 కోట్ల యక్షరముల లేఖనము జరిగినది. తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి మనకు లభించును. అందులో ఒక్కొక్క మాంసకృత్తును తయారుచేయు విధము తెలుపు భాగమునకు జన్యువని పేరు.

వ్రాతలో ఒక్క యక్షరము మారిన నేమగునో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కర లేదు. "కల" "కళ" యగును. వాక్యము నడుమ పొరపాటున పూర్ణవిరామము పెట్టిన, వల్లెవేయు పిల్లవాడు అచ్చటనే ఆగిపోవును. జన్యువునందును అంతే. రక్తమునకు ఎరుపునిచ్చి ప్రాణవాయువును మోయు హిమోగ్లోబినులో ఆల్ఫా, బీటా యను రెండు తెగల గొలుసులున్నవి. బీటా గొలుసును తెలుపు జన్యువులో ఒకచోట ఏ యను అక్షరమునకు మారుగా టీ పడెనా, గుండ్రని ఎర్రకణము కొడవలివలె వంగిపోవును. ఇదియే సికిల్‌సెల్ వ్యాధి. 1910లో చికాగో వైద్యుడు హెరిక్ ఈ వంగిన కణములనుగూర్చి మొదట ప్రకటించెను. మన ఆదిలాబాదు గోండులలోను, గోదావరి తీరపు కోయలలోను ఈ వ్యాధి కలదు.

తలసీమియా ఇదే జన్యువునకు కలిగిన వేరొక దోషము. జన్యువులో పనికిరాని పంక్తులు కొన్ని నడుమ నడుమ ఉండును. చదువుటకు ముందు కణము వానిని కత్తిరించి పారవేయును. ఎచ్చట కత్తిరింపవలెనో తెలుపు గుర్తులు కూడ అక్షరములే. మన దేశమున అధికముగా కనబడు తలసీమియాలో అట్టి గుర్తునందు ఒక జీ స్థానమున సీ యున్నది. కత్తెర దారితప్పును. బీటా గొలుసు చాలినంత తయారుకాదు. తల్లిగర్భములో శిశువునకు బీటా గొలుసు అవసరము లేని వేరొక హిమోగ్లోబిను ఉండును గనుక పుట్టినప్పుడు బిడ్డ ఆరోగ్యముగనే కనిపించును. కొన్ని మాసములకు ఆ శైశవ హిమోగ్లోబిను తగ్గిపోగా పాలిపోవుట మొదలగును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. చికిత్సకు తాళపుచెవి ఇచ్చటనే దొరకినది.

ఇక ఆ యింటిలోని మరియొక బాధ. తల్లిదండ్రులది మేనరికము. అత్తగారు మాత్రము "కోడలి నెత్తురే మంచిదిగాద"ని పదునాలుగేండ్లుగా అనుచునే యున్నది. నేను ఆమెయెదుట అష్టాచెమ్మా ఆడు చింతగింజలు రెండు పెట్టితిని. ఒకవైపు అరగదీసిన తెలుపు, రెండవవైపు నలుపు. "ఒక గింజ తండ్రిది, ఒకటి తల్లిది. తెలుపు దోషముగల ప్రతి, నలుపు మంచి ప్రతి. ఇద్దరియొద్దను ఒక్కొక్క మంచి ప్రతి యున్నది గావున ఇద్దరును ఆరోగ్యవంతులే. వేసి చూడు" మంటిని. ఆమె ఇరువదిసార్లు వేసినది. రెండును తెలుపు పడినది అయిదుసార్లు. లెక్కప్రకారము నాలుగింట ఒకటి. ఆనాడు గింజలు నా మాట నిలబెట్టినవి! తండ్రి గింజ కూడ తెలుపు కానిదే రెండు తెలుపులు పడవని ఆ వృద్ధురాలు తానే గ్రహించి చాలసేపు మాటాడలేదు. మరియు గింజలకు జ్ఞాపకముండదు. ఒక బిడ్డకు వ్యాధి వచ్చినంత మాత్రమున తరువాతి మువ్వురికి రాదనుట పొరపాటు. బంధువులలో ఒకే పూర్వికుని దోషము ఇరువైపులను దిగివచ్చుటకు అవకాశ మెక్కువ గనుక మేనరికములలో ఈ ప్రమాద మధికము. వివాహమునకు ముందు సామాన్యమైన రక్తపరీక్షచేత ఎవరు దోషవాహకులో తెలిసికొనవచ్చును.

దోషము ఒక్క యక్షరమే యైనచో దానిని దిద్దరాదా? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలకాలము వేధించినది. దేహములోని లెక్కకు మిక్కిలియగు కణములలోనికి కలము పట్టుకొని పోవువారెవరు? వైరసులకు ఆ విద్య తెలియును. తమ జన్యువులను పరుల కణములలోనికి చేర్చుటయే వాని వృత్తి. వాని విషమును తొలగించి, మంచి జన్యువును సంచిలో పెట్టి, తపాలా బంట్రోతులవలె పంపవచ్చునని తలచిరి. 1990 సెప్టెంబరు 14వ తేదీన అమెరికాలోని బెథెస్డాలో రోగనిరోధకశక్తి లేని నాలుగేండ్ల బాలికకు, ఆమె తెల్లకణములనే వెలికితీసి, మంచి జన్యువును చేర్చి మరల ఎక్కించిరి. బాలిక బ్రతికినది. కాని పూర్వపు మందును కూడ కొనసాగించిరి గనుక ఫలమెంత జన్యువుదో తేల్చుట కష్టమైనది.

తరువాతి కథ విచారకరము. 1999 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా నగరమున పదునెనిమిదేండ్ల యువకుడొకడు ఈ చికిత్సకు స్వచ్ఛందముగా తన దేహమునిచ్చెను. రక్తములో అమ్మోనియా చేరు వ్యాధి యతనిది. లోనికి పంపిన వైరసుపై దేహమే తిరుగబడగా నాలుగు దినములలో మరణించెను. కొలది సంవత్సరములకు పారిసులో చికిత్సపొందిన శిశువులలో కొందరికి రక్తపు క్యాన్సరు వచ్చినది. వైరసు తెచ్చిన జన్యువు కూడని చోట అతుకుకొనుటయే కారణము. ఉత్తరము చేరినదిగాని తప్పు గడపలో పడినదన్నమాట. ఈ మరణములను దాచి విజయములను మాత్రము చెప్పుట సరిగాదు. ఆ పొరపాట్లనుండియే సురక్షితమైన వైరసులను, మంచి కలమును వెదకుట యారంభమైనది.

ఆ కలము సూక్ష్మజీవులయొద్ద దొరకినది. తమపై దాడిచేయు వైరసుల వ్రాతను గుర్తుపట్టి త్రుంచివేయు కత్తెర వంటి మాంసకృత్తు కొన్ని సూక్ష్మజీవులకు కలదు. దానికొక చిన్న చిరునామాచీటి జతచేసినచో మనము కోరినచోటనే కత్తిరించునని 2012లో డౌడ్నా, షార్పాంటియే యను విదుషీమణు లిద్దరు చూపిరి. 2020లో వారికి నోబెల్ బహుమానము లభించినది. ఈ పద్ధతి పేరు క్రిస్పర్.

ఆ తల్లి పత్రికలో చదివినది ఈ క్రిస్పర్ చికిత్సనుగూర్చియే. కాస్‌గెవీ యను ఈ చికిత్సను మొదట బ్రిటను 2023 నవంబరులో పండ్రెండేండ్లు నిండినవారికి అనుమతించినది. ఇందులో తప్పక్షరమును దిద్దరు. శైశవ హిమోగ్లోబిను ఉండునని చెప్పితిని గదా! ఆ జన్యువు చెడలేదు, మూయబడినది మాత్రమే. మూసివేయు మీట యొకటి కలదు; రోగి మూలుగునుండి పుట్టిన రక్తమూలకణములను వెలికితీసి, ప్రయోగశాలలో ఆ మీటను కత్తిరింతురు. శైశవ హిమోగ్లోబిను మరల పుట్టును. చెడిన బావిని పూడ్చుటకు మారుగా పూర్వము మూసిన పాత బావిని తెరచినట్లు. ప్రయోగములో సంవత్సరముపైగా గమనింపబడిన 35 మంది తలసీమియా రోగులలో 32 మందికి కనీసము పండ్రెండు మాసములు రక్తమెక్కింపవలసిన పనిలేకపోయినది.

కాని దిద్దిన కణములకు చోటు కలుగుటకై ముందుగా మూలుగలోని పాతకణములను తీవ్రమైన మందులతో నశింపజేయవలెను. జుట్టు రాలును, కొన్ని వారములు ఆసుపత్రిలో నుండవలెను, సంతానశక్తికి భంగము కలుగవచ్చును. 2023లో అమెరికాలో ప్రకటించిన వెల 22 లక్షల డాలర్లు, అనగా నాటి లెక్కన సుమారు 18 కోట్ల రూపాయలు. ఆ సంఖ్యను ఆ తల్లికి చెప్పుటకు నాకు నోరాడలేదు. కాగితముపై వ్రాసి చూపితిని. ఆమె సున్నలు లెక్కపెట్టినది.

అక్షరమునే దిద్దిన ఉదాహరణము కూడ ఇప్పుడు కలదు. ఆ పనిచేసిన వైద్యులలో నొకని యింటిపేరు మన తెలుగుదేశపు ఊరిపేరే. ఏలూరు జిల్లాలో ముసునూరను గ్రామము కలదు. ఆ పేరుగల కిరణ్ ముసునూరు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో ఆచార్యుడు. 2024లో ఫిలడెల్ఫియాలో ఒక శిశువు అమ్మోనియా చేరు వ్యాధితో జన్మించినది. పాతికేండ్ల క్రితము ఆ నగరములోనే యువకుని బలిగొనిన వ్యాధికి ఇది సోదరి వంటిది. ఈ శిశువు జన్యువులో వాక్యము నడుమ పూర్ణవిరామము పడియున్నది. ముసునూరు, శిశువైద్యురాలు రెబెక్కా ఆరెన్స్ నిక్లస్, వారి సహచరులు ఆరు మాసములలో ఆ యొక్క బిడ్డకొరకే ఒక మందును సిద్ధపరచిరి. ఈసారి వైరసు లేదు. కొవ్వుబిందువులలో నుంచి నరముగుండ కాలేయమునకు పంపిరి. రెండు పోగులను తెంచకయే ఒక్క యక్షరమును మార్చు పద్ధతి యిది. 2025 ఫిబ్రవరినుండి మూడుమార్లు ఇచ్చిరి. జూను మాసమున శిశువు ఇల్లు చేరినది. వ్యాధి పూర్తిగా నయమైనదని ఆ వైద్యులే చెప్పుటలేదు, ఏండ్లతరబడి గమనింపవలసియున్నది. దిద్దినది కాలేయమునందలి ప్రతులను మాత్రమే గనుక ఆ బిడ్డకు పుట్టబోవు సంతతికి పాత యక్షరమే పోవచ్చును. తరగతిలో ఈ పాఠము చెప్పినప్పుడు "గణితము వచ్చునట్లు దిద్దరాదా సార్?" అని అడిగిన చిరంజీవికి నా సమాధానము: దానికి ఒక్క యక్షరము చాలదు నాయనా, ఎక్కములు వల్లెవేయుము.

మన దేశమునందును పని సాగుచున్నది. చిత్తూరునకు సమీపముననున్న వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు మన తెలుగువారు తరతరములుగా పోవుచున్నారు. అచ్చటి వైద్యులు రక్తము గడ్డకట్టని హీమోఫిలియా రోగులు అయిదుగురికి వైరసు పద్ధతిని మూలకణములలో మంచి జన్యువును చేర్చిరి. ఆ తరువాత వారికి రక్తస్రావము కలుగలేదని 2024 డిసెంబరులో ప్రకటించిరి. సికిల్‌సెల్ వ్యాధికి స్వదేశీయముగా, తక్కువ వెలకు అందజేయవలెనను ఉద్దేశముతో ఢిల్లీ శాస్త్రజ్ఞులు రూపొందించిన క్రిస్పర్ చికిత్సకు బిర్సా ముండా స్మారకముగా "బిర్సా 101" అని పేరిడి 2025 నవంబరులో ప్రకటించిరి.

ఇక రెండవ ప్రశ్నకు నా సమాధానము. "అమ్మా, ఆ వైద్యము నిజము. నేడు మీ అబ్బాయికి అందునది కాదు. అందుబాటునకు వచ్చునాటికి వాని గుండె, కాలేయము చెడకుండ కాపాడుకొనుటయే మన చేతిలోని పని" యని చెప్పితిని. ఎక్కించిన ప్రతి రక్తపు సంచితోను ఇనుము దేహములో చేరి అవయవములను చెరచును. దానిని వెడలగొట్టు మాత్రలు మానరాదు. శంషాబాదునుండి నగరమునకు పోవు బాటలో ఆరాంఘరునకు సమీపమున శివరాంపల్లిలో, 1998లో స్థాపింపబడిన తలసీమియా సికిల్‌సెల్ సంఘము ఇట్టి బిడ్డలకొరకే పనిచేయుచున్నది. మన యూరిమీదుగా దేశదేశములకు విమానములు పోవుచుండగా, వీనికి కావలసినది మూడు వారములకొకమారు ఆ కొద్దిమైళ్ల ప్రయాణమే.

మరియొక మార్గము కూడ కలదని చెప్పితిని. తోబుట్టువుల మూలుగ సరిపోయినచో దానిని మార్పిడి చేయవచ్చును. అది చాలకాలముగా జరుగుచున్న చికిత్సయే, వెల కూడ ఎన్నోరెట్లు తక్కువ. ఒక్కొక్క తోబుట్టువుది సరిపోవు అవకాశము మరల నాలుగింట ఒకటి. బాలునకు అక్క కలదు, మన పాఠశాలలోనే పదియవ తరగతి. ఈ మాట విని ఆ పిల్ల నాయనమ్మయొద్దనుండి చింతగింజలు తెచ్చి నా బల్లపై వేసినది. నేను వానిని ప్రక్కకు త్రోసి, పరీక్షకు పోవలసిన ఆసుపత్రి పేరు చీటిపై వ్రాసి యిచ్చితిని. మొన్నటి గురువారము తండ్రి కూతురును వెంటబెట్టుకొని పోయి రక్తమిచ్చి వచ్చెను. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి ఫలితము రాలేదు.