ఇరవై నాలుగు గంటల నొప్పి

ఉద్దేశం

శరీరబాధతో వైద్యశాలలో వేచి ఉండవలసి వచ్చినప్పుడు కాలం ఎంత భారమవుతుందో, ఆ భారాన్ని మనస్సు ఏ విధంగా తేలిక చేసుకోగలదో, ఆ ప్రయత్నానికి గల హద్దు ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారు కొన్ని వ్యాధులకు పెట్టుకున్న పేర్లలో వారి అనుభవసారం ఇమిడి ఉంటుంది. వైద్యులు అపెండిసైటిస్ అని పిలిచే వ్యాధిని పల్లెల్లో ‘ఇరవై నాలుగు గంటల నొప్పి’ అంటారు. పెద్దపేగు మొదట్లో చిన్న తోకవలె వేలాడే భాగం వాచి, చీము పట్టి, చికిత్స అందకపోతే చిట్లిపోయే ప్రమాదం గల వ్యాధి ఇది. పది నుండి ముప్పై ఏళ్ళ లోపు వారిలో అధికంగా కనిపిస్తుంది. ఒక పగలు, ఒక రాత్రి గడిచేలోగా వైద్యుని చేరాలన్న హెచ్చరిక ఆ పేరులోనే ఉంది. సరిగ్గా ఇన్ని గంటలకే అపాయమని ఏ వైద్యుడూ గీత గీసి చెప్పలేడు. అయినా ‘ఆలస్యం అమృతం విషం’ అన్న మాట దీనికి అక్షరాలా వర్తిస్తుంది. కాలం పేరుతో పిలిచే ఈ వ్యాధిలో రోగి భరించవలసినవి రెండు: ఒకటి నొప్పి, రెండవది నిరీక్షణ.

వసతిగృహంలో ఉంటూ ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక విద్యార్థికి ఒకనాటి మధ్యాహ్నం అన్నం సయించలేదు. కొంతసేపటికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలయింది. మరునాడు త్రైమాసిక పరీక్ష. చెబితే ఇంటికి పంపుతారని భయపడి, అజీర్ణమని తనకు తాను సర్దిచెప్పుకొని, ఎవరితోనూ అనకుండా పుస్తకం ముందు కూర్చున్నాడు. రాత్రి పది గంటలకు నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. వాంతి అయింది. నిటారుగా నిలబడలేకపోయాడు. వార్డెన్ అతనిని ఆటోలో ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాడు. కబురందుకున్న తండ్రి పొలం నుండి బురదకాళ్ళతోనే వచ్చాడు.

వైద్యుడు పొట్టను పలుచోట్ల నొక్కి చూశాడు. బొడ్డుకూ కుడి తుంటి ఎముకకూ మధ్య నొక్కగానే కుర్రవాడు కేక వేశాడు. ఆ స్థానాన్ని 1889లో మెక్‌బర్నీ అనే అమెరికా శస్త్రవైద్యుడు వర్ణించాడు; నేటికీ అది ఆయన పేరుతోనే వ్యవహారంలో ఉంది. రక్తపరీక్షకు పంపారు. సెలైన్ పెట్టి, నొప్పి తగ్గడానికి సూదిమందు ఇచ్చారు. నొప్పిని తగ్గిస్తే రోగనిర్ణయం తప్పిపోతుందని ఒకప్పుడు వైద్యులు భయపడేవారు. ఆ భయానికి ఆధారం లేదని తరువాతి పరిశోధనల్లో తేలింది. కనుక నొప్పికి మందు ఇమ్మని వైద్యుని అడగడంలో తప్పు లేదు. ఇంట్లోనో వసతిగృహంలోనో తోచిన మాత్ర వేసుకొని ఊరుకోవడం మాత్రం తప్పు.

‘మంచినీళ్ళు కూడా ఇవ్వకండి’ అని నర్సు తండ్రికి చెప్పింది. శస్త్రచికిత్స అవసరమై మత్తు ఇచ్చినప్పుడు కడుపులోనిది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఈ జాగ్రత్త. ఇంతలో రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఇద్దరిని తెచ్చారు. వైద్యులు అటు పరుగెత్తారు.

‘మేము ముందొచ్చాం గదమ్మా!’ అన్నాడు తండ్రి.

‘ఎవరు ముందొచ్చారని చూడం అన్నా, ఎవరి ప్రాణం ముందు పోయేలా ఉందో చూస్తాం. మీవాణ్ణి మరిచిపోలేదు. అరగంటకోసారి వచ్చి నాడి చూస్తాను’ అన్నది ఆమె.

ఆ రెండు మాటలతో తండ్రి ఆందోళన సగం తగ్గింది. క్యూలలో నిలబడేవారి మనస్తత్వాన్ని గూర్చి 1985లో రాసిన వ్యాసంలో డేవిడ్ మైస్టర్ అనే నిపుణుడు కొన్ని సూత్రాలు చెప్పాడు. పని లేని కాలం పని ఉన్న కాలం కంటె దీర్ఘంగా తోస్తుంది. ఎంతసేపో తెలియని నిరీక్షణ, ఎందుకో తెలియని నిరీక్షణ మరింత దీర్ఘంగా తోస్తాయి. వీటికి నొప్పి కూడా తోడైతే క్షణమొక యుగమవుతుంది. కుర్రవాడు గోడగడియారం వంక చూశాడు. చాలాసేపయిందనుకొని మళ్ళీ చూశాడు. ముల్లు నాలుగు నిమిషాలే కదిలింది.

తండ్రికి చదువు రాదు. ధైర్యం చెప్పే మాటలూ రావు. కొంతసేపు కొడుకు పాదాలు ఒత్తుతూ కూర్చొని, ‘ఒరేయ్, కాలువ తూము కాడ నుంచి మన పొలం దాకా ఒక్కో మడీ ఎవరిదో వరసగా చెప్పు’ అన్నాడు. కొడుకు విసుక్కున్నాడు. తండ్రి మళ్ళీ అడిగాడు. కొడుకు కళ్ళు మూసుకొని మొదలుపెట్టాడు. మొదటి మూడు మడులు సులువుగా వచ్చాయి. నాలుగవ దాని దగ్గర తడబడ్డాడు.

‘చిన్నతాతది గదా నాన్నా?’

‘తాత దాన్ని అమ్మి మూడేళ్ళయిందిరా. ఎవరు కొన్నారో చెప్పు!’

అలా గట్టు వెంబడి నడిచి, తాడిచెట్లు లెక్కపెట్టి, వంతెన దాటి ఇద్దరూ తమ పొలం చేరేసరికి గంటన్నర గడిచింది. నడుమనడుమ నొప్పి మెలిపెట్టినప్పుడు ఆగారు. సద్దుమణగగానే ఆగిన గట్టు దగ్గరనుండే మళ్ళీ బయలుదేరారు.

ఆ తండ్రి చేసిన పనికి శాస్త్రంలో ఆధారం ఉంది. గాయపడిన చోటు నుండి బయలుదేరిన సంకేతం మెదడును చేరేలోగా వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉందని, మనఃస్థితిని బట్టి అది తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. 2012లో జర్మనీ పరిశోధకులు కొందరికి భరించదగినంత వేడితో నొప్పి కలిగిస్తూ, జ్ఞాపకశక్తికి కష్టమైన పని అప్పగించారు. ఆ పనిలో ఉన్నప్పుడు వారికి నొప్పి తక్కువగా తోచింది. అంతేకాదు, వెన్నుపాములో నొప్పికి కలిగే స్పందన కూడా తగ్గినట్లు చిత్రాల్లో కనిపించింది. సులువైన పనికంటె బుద్ధిని కూడగట్టుకోవలసిన పనే ఎక్కువ మేలు చేసింది. మొదటి మూడు మడుల కంటె నాలుగవ మడి ఆ కుర్రవాడికి ఎక్కువ ఉపకారం చేసిందన్నమాట.

ఈ రహస్యం పూర్వులకు అనుభవంలో తెలుసు. శ్రీకృష్ణలీలా తరంగిణి కర్త నారాయణతీర్థులు తెలుగువారు. తీవ్రమైన కడుపునొప్పితో బాధపడుతూ తీర్థయాత్ర చేస్తున్న ఆయన, ఒక వరాహం వెంట నడిచి తంజావూరు సీమలోని వరహూరు చేరారని, అక్కడ బాధ శమించిందని ఐతిహ్యం. పన్నెండు తరంగాల ఆ సంస్కృత గేయకావ్యాన్ని అక్కడే రచించారని చెబుతారు. కేరళలో మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి వాతరోగంతో గురువాయూరు చేరి, రోజుకొక దశకం చొప్పున నూరు దశకాల నారాయణీయాన్ని 1586లో పూర్తిచేశారని ప్రతీతి. నూరు రోజుల బాధను ఒక్కసారి తలచుకుంటే గుండె జారుతుంది. దానిని దినానికొక దశకంగా పంచుకుంటే ప్రతి దినానికీ ఒక గట్టు చిక్కుతుంది. ఫ్రాన్సు దేశపు గణితవేత్త పాస్కల్ 1658లో పంటినొప్పితో నిద్రపట్టని రాత్రి, దొర్లుతున్న చక్రం అంచుపై ఒక బిందువు గీసే వక్రరేఖను గూర్చి ఆలోచిస్తూ బాధను మరిచాడంటారు. వీరిలో భక్తులూ ఉన్నారు, గణితవేత్తా ఉన్నాడు. బాధ వేళ మనస్సుకు వరుస గల పని ఒకటి కల్పించుకోవడం ముగ్గురిలోనూ సమానం.

అయితే ఈ ఉపాయానికి హద్దు ఉంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆ కుర్రవాడి నొప్పి ఒక్కసారిగా తెరిపి ఇచ్చింది. తండ్రి ముఖం వికసించింది. ‘కాస్త టీ తెస్తా, గొంతు తడుపుకుందువుగాని’ అని లేచాడు. అప్పుడే నాడి చూడడానికి నర్సు వచ్చింది. ‘నొప్పి పోయింది సిస్టర్’ అన్నాడు కుర్రవాడు సంతోషంగా. ఆమె సంతోషించలేదు. నాడి వేగంగా ఉంది, ఒళ్ళు కాలుతోంది. ‘నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు బాబూ’ అని వెంటనే వైద్యుని పిలిచింది. వాచిన భాగం చిట్లినప్పుడు లోపలి ఒత్తిడి సడలి కొంతసేపు ఉపశమనం కలగవచ్చు. తరువాత చీము ఉదరమంతటా వ్యాపించి ప్రాణాంతకమవుతుంది. అరగంటలో శస్త్రచికిత్స మొదలయింది. భయపడినట్లే అది అప్పటికే చిట్లింది. ఉదరాన్ని శుభ్రం చేసి కుట్లు వేశారు.

ఎనిమిదవ నాడు ఇంటికి పంపుతూ వైద్యుడు ఆ కుర్రవాడితో, ‘ఇక్కడ వేచి ఉన్న ఆరు గంటల కంటె నీవు పుస్తకం చాటున దాచిన పది గంటలే నీకు ఎక్కువ కీడు చేశాయి’ అన్నాడు. త్రైమాసిక పరీక్ష కోసం దాచిన గంటలవి!

బాధను మరపించే కథ, పద్యం, లెక్క, జ్ఞాపకం ఏదైనా రోగికి మేలు చేసేదే. రోగి పక్కన కూర్చున్నవారు ‘ఎలా ఉంది?’ అని పదేపదే అడిగి అతని దృష్టిని నొప్పి మీదికే మళ్ళించడం కంటె, అతనిని మరొక చోటికి తీసుకుపోయే ప్రశ్న ఒకటి అడగడం మంచిది. కాని నొప్పి పెరిగినా, చోటు మారినా, హఠాత్తుగా తగ్గినా వైద్యునికి చెప్పవలసిందే. మనస్సు నొప్పిని మరవవచ్చు. నోరు దానిని దాచకూడదు.

కఠిన పదాలకు అర్థాలు

నిరీక్షణ = ఎదురుచూపు
సయించు = రుచించు, ఇష్టమగు
తూము = కాలువ నుండి పొలానికి నీరు వదిలే ద్వారం
మడి = గట్ల నడుమ ఉన్న వరిపొలపు భాగం
ఐతిహ్యం = పరంపరగా చెప్పుకొనే కథ
దశకం = పది లేక సుమారు పది శ్లోకాల సముదాయం
తెరిపి = విరామం, ఉపశమనం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. నొప్పితో కూడిన నిరీక్షణలో మనస్సు చేయగల మేలును, దాని హద్దును పాఠం ఆధారంగా వివరించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ‘ఇరవై నాలుగు గంటల నొప్పి’ అన్న పేరులోని ఔచిత్యాన్ని తెలపండి.
2. నాలుగవ మడి కుర్రవాడికి ఎక్కువ ఉపకారం చేసిందనడంలోని అంతరార్థం ఏమిటి?
3. నొప్పి తగ్గిందన్నప్పుడు నర్సు ఎందుకు సంతోషించలేదు?

ఇ) సందర్భసహిత వ్యాఖ్య
1. ‘మేము ముందొచ్చాం గదమ్మా!’
2. ‘నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు బాబూ.’