గాయపడిన పిల్లికి మన మాత్ర వేయకండి



సాయంత్రం అయిదున్నర. స్కూల్ వ్యాన్ దిగిన మీ అమ్మాయి పరుగున వచ్చి, "అమ్మా, సెల్లార్‌లో పిల్లి కుంటుతోంది, కాలి నుంచి రక్తం కారుతోంది, ఏదైనా చెయ్యి" అంటుంది. కారు తగిలిందో, కుక్క తరిమిందో తెలియదు. అప్పుడు మన చెయ్యి ముందు మందుల డబ్బా మీదికే వెళ్తుంది. జ్వరానికి, ఒళ్లునొప్పులకు ఇంటిల్లిపాదీ వేసుకునే పారాసిటమాల్ అందులో ఎప్పుడూ ఉంటుంది. పాపం, నొప్పి తగ్గుతుంది కదా అని సగం ముక్క విరిచి పాలలో కలుపుతాం.

ఆ సగం ముక్క పిల్లి ప్రాణం తీయగలదు. గాయం నుంచి బతికి బయటపడాల్సిన పిల్లి, మనం జాలితో వేసిన మాత్ర వల్ల చనిపోవచ్చు. ఈ నెల మనం తెలుసుకోవాల్సిన ముఖ్య విషయం ఇదే.

మనకు మందు, పిల్లికి విషం. ఎందుకు?

మన కాలేయం పారాసిటమాల్‌లో చాలా భాగాన్ని హాని లేని పదార్థంగా మార్చి మూత్రం ద్వారా బయటకు పంపేస్తుంది. ఈ పని చేసే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలా తక్కువ. అందువల్ల మందు విషపదార్థాలుగా మారి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. చిగుళ్లు గోధుమ లేదా నీలి రంగుకు తిరగడం, ముఖం, పాదాలు వాయడం, ఆయాసం, ముదురు రంగు మూత్రం దీని గుర్తులు.

ఈ లెక్క మీ పిల్లలతోనే చేయించండి. పిల్లి బరువు 4 కిలోలు అనుకుందాం. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల మోతాదుకే విషలక్షణాలు కనిపించిన పిల్లులు ఉన్నాయి. అంటే 40 మిల్లీగ్రాములకే ప్రమాదం మొదలవుతుంది. మన మాత్రలో ఉండేది 500. దానికి పన్నెండు రెట్లకు పైనే! 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉండే పిల్లల సిరప్ అయితే, ఒక్క మిల్లీలీటరులోనే 50 మిల్లీగ్రాములు. కాబట్టి "కొంచెమే వేద్దాం" అన్నా ప్రమాదమే.

ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పిల్లికి కడుపులో పుండ్లు కలిగించి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ఆస్పిరిన్ దాని ఒంట్లోంచి చాలా నెమ్మదిగా బయటకు పోతుంది. ఇవేవీ ఇంట్లో వేయకూడదు.

తెలియక ఇప్పటికే వేసి ఉంటే దాచుకోవద్దు, లక్షణాలు కనిపించేదాకా ఆగవద్దు. మాత్రల స్ట్రిప్‌తో సహా వెంటనే పశువైద్యుడి దగ్గరకు వెళ్లి ఎంత వేశారో, ఎప్పుడు వేశారో చెప్పండి. ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి.

మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి?

1. ముందు మీ జాగ్రత్త. నొప్పిలో ఉన్న పిల్లి తెలిసినవారినైనా కరుస్తుంది. పిల్లలను దూరంగా నిలబెట్టండి. నెమ్మదిగా పక్క నుంచి వెళ్లి, మందపాటి టవల్ కప్పి ఎత్తండి.

2. ఊపిరి చూడండి. కుదురుగా ఉన్న పిల్లి నిమిషానికి సుమారు 20 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. నోరు తెరిచి రొప్పుతున్నా, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా ఒక్క నిమిషం కూడా వృథా చేయకండి.

3. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో అయిదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. మధ్యమధ్యలో తీసి చూడకండి. బట్ట తడిసిపోతే దాని మీదే ఇంకొకటి పెట్టండి.

4. గాయం మీద పసుపు, కాఫీపొడి అద్దకండి. ఇంట్లో వాడే డెట్టాల్ వంటి యాంటీసెప్టిక్ పోయకండి. వాటిలోని కొన్ని రసాయనాలు పిల్లులకు విషం, పైగా అది ఒళ్లంతా నాకుతుంది. సెలైన్ లేదా మామూలు మంచినీళ్లు చాలు.

5. కాలు విరిగిందనిపిస్తే కట్టు కట్టకండి, సరిచేయకండి. వెన్నుకు దెబ్బ తగిలిందని అనుమానముంటే అట్ట మీదికో, చెక్క మీదికో కదలకుండా జరపండి.

6. గాలి రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో మెత్తటి బట్ట పరిచి పడుకోబెట్టండి. పాలు, నీళ్లు, అన్నం పెట్టకండి. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.

మరి నొప్పి ఎలా తగ్గుతుంది?

పిల్లి నొప్పిని బయటపెట్టదు. మూలకు చేరి ముడుచుకుంటుంది. గురగుర శబ్దం చేస్తోంది కాబట్టి బాగానే ఉందనుకోకండి, బాధలో కూడా ఆ శబ్దం చేస్తుంది. బాల్కనీ నుంచి పడి లేచి నడిచినా డాక్టర్‌కు చూపించండి, లోపలి దెబ్బలు పైకి కనిపించవు.

మనం చేయగలిగింది చీకటి, నిశ్శబ్దం, కాస్త వెచ్చదనం, కుదుపు లేని ప్రయాణం. అసలు నొప్పి మందు పశువైద్యుడే బరువు తూచి, మూత్రపిండాల పరిస్థితి చూసి ఇస్తారు. బ్యూప్రినార్ఫిన్, మెలాక్సికామ్ వంటివి పిల్లులకు తగిన మోతాదులో వాడతారు. మెడికల్ షాపులో మనుషులకు అమ్మే మెలాక్సికామ్ మాత్ర కూడా పిల్లికి చాలా ఎక్కువ, పేరు ఒకటే కదా అని కొనకండి. మన రెండు రాష్ట్రాల్లో సంచార పశువైద్య సేవల నంబరు 1962. పట్టణాల్లో ఉన్నవారు దగ్గరలోని పశువైద్యశాలకు స్వయంగా తీసుకెళ్లడమే త్వరగా అవుతుంది.

పిల్లలను కరిచినా, గీరినా

ఆ చోట సబ్బు పెట్టి ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. చిన్న గీతే కదా అని వదిలేయకండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. సకాలంలో టీకా వేయిస్తే నివారించవచ్చు. తిడతారన్న భయంతో పిల్లలు ఇలాంటివి దాచిపెడతారు. చెబితే తిట్టమని ఈరోజే మాటివ్వండి.

ఈ నెల ఇంటిపని, మీ ఇద్దరికీ

పిల్లిని చూసి కళ్లనీళ్లు పెట్టుకునే బిడ్డతో "వీధి పిల్లే కదా, వదిలేయ్" అనకండి. "నువ్వు ముట్టుకోవద్దు, నన్ను పిలిచావు, మంచి పని చేశావు" అనండి. పెట్టెకు రంధ్రాలు చేసే పని, దూరం నుంచి ఊపిరి లెక్కపెట్టే పని తనకివ్వండి. ఒకవేళ పిల్లి బతకకపోతే "ఎటో వెళ్లిపోయింది" అని అబద్ధం చెప్పకండి. మనం చేయగలిగింది చేశామని చెప్పండి.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని ఒక కార్డు రాయండి. దగ్గరి పశువైద్యశాల ఫోన్ నంబరు, అది తెరిచి ఉండే వేళలు, 1962. కింద ఎర్ర సిరాతో ఒక్క వాక్యం: "మన మాత్ర పిల్లికి వేయకూడదు." దాన్ని మందుల డబ్బా మూత లోపల అంటించండి. కంగారులో మనం ముందు తెరిచేది ఆ మూతనే కదా!