మాట నేర్పే చదువు: స్పీచ్ పెథాలజిస్టు కావాలంటే...



డాక్టరు, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ ఏ పని చేస్తారో మన అందరికీ తెలుసు. "స్పీచ్ పెథాలజిస్టు" అనగానే మాత్రం చాలామంది "వారెవరు సిస్టర్?" అని అడుగుతారు. కొందరు "మాటల డాక్టరు" అంటారు. ఈ పాఠములో వారు చేసే పనిని గూర్చి, ఆ చదువును గూర్చి తెలుసుకుందాము. అంతకు ముందు నేను చేసిన ఒక పొరపాటు మీకు చెప్పాలి.

నా పొరపాటు

చాలా ఏళ్ళ క్రితం నేను ఓ.పి.లో పనిచేస్తుండగా ఒక తల్లి రెండేళ్ళ బాబును ఎత్తుకొని వచ్చింది. జ్వరానికి మందు తీసుకొని వెళ్ళబోతూ ఆగి, "సిస్టరమ్మా, వీడికి ఇంకా అమ్మ అనడం కూడా రాలేదు. మా అత్తగారు రోజూ వస అరగదీసి నాకిస్తున్నారు" అన్నది. నేను "మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయిలే, కంగారు పడకమ్మా" అని చెప్పి పంపించాను.

ఆ తల్లి నా మాట నమ్మింది. బాబుకు నాలుగేళ్ళు దాటాక పరీక్ష చేయిస్తే రెండు చెవులూ పుట్టుకతోనే సరిగా వినబడవని తేలింది. ఎన్నడూ వినని మాటను ఏ బిడ్డ పలకగలడు? లోపం నాలుకలో లేదు, చెవిలో ఉన్నది. వస నాకిస్తే చెవి వినబడదు గదా!

తరువాత ఆ బాబుకు శిక్షణ ఇచ్చిన స్పీచ్ పెథాలజిస్టు చిన్న వయసు అమ్మాయి. ఆమె నన్ను తప్పుపట్టలేదు. "రెండేళ్ళప్పుడే పంపి ఉంటే బాగుండేది సిస్టర్" అని మాత్రం అన్నది. మాట నేర్చుకోవడానికి మొదటి రెండు మూడేళ్ళు ఎంతో విలువైనవి. ఆ బాబు పోగొట్టుకున్న రెండేళ్ళను ఎవరమూ తిరిగి ఇవ్వలేకపోయాము. అందుకే ఈ పాఠము రాస్తున్నాను.

వీరు ఎవరికి సహాయము చేస్తారు?

1. మాటలు ఆలస్యమైన పిల్లలకు, వినికిడి లోపము, ఆటిజం, బుద్ధిమాంద్యము ఉన్న పిల్లలకు.
2. గ్రహణం మొర్రి, అంగిలి చీలిక ఉన్న పిల్లలకు. ఆపరేషన్ అయిన తరువాత కూడా వీరిలో చాలామందికి మాట శిక్షణ అవసరము.
3. నత్తి ఉన్నవారికి.
4. గొంతు బొంగురుపోయిన ఉపాధ్యాయులకు, పాస్టర్లకు, గాయకులకు.
5. పక్షవాతము వచ్చి మాట పడిపోయినవారికి. వీరిలో కొందరికి మింగడం కూడా కష్టమౌతుంది. తాగించిన నీరు ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఏది, ఎలా, ఏ భంగిమలో తినిపించాలో నేర్పించేది కూడా వీరే.

నాలుగేళ్ళు ఏమి నేర్చుకుంటారు?

"మాట్లాడించడానికి నాలుగేళ్ళ చదువు ఎందుకు?" అని ఒక నర్సింగు విద్యార్థిని నన్ను అడిగింది. మన పెద్ద బాలశిక్షను గుర్తు చేసుకోండి. క వర్గము గొంతులో నుండి, త వర్గము దంతముల దగ్గర, ప వర్గము పెదవులతో పుడతాయని మన పెద్దలు ఎప్పుడో విభజించారు. ఒక బాబు "కాకి"ని "తాతి" అంటున్నాడు. మూడేళ్ళ లోపు అయితే అది చాలామంది పిల్లలలో కనిపించేదే. ఆరేళ్ళు వచ్చినా అలాగే అంటుంటే కారణము వెదకాలి. వినికిడి తక్కువా? నాలుక వెనుక భాగమును ఎత్తడం రాలేదా? అంగిలి చీలి గాలి ముక్కులోకి పోతున్నదా? కారణమును బట్టి శిక్షణ మారుతుంది.

ఆ కారణము కనిపెట్టడానికే ఇన్ని సబ్జెక్టులు. మొదట గొంతు, చెవి, మెదడుల నిర్మాణము, భాషాశాస్త్రము, ధ్వనిశాస్త్రము, మనస్తత్వశాస్త్రము చదువుతారు. తరువాత నత్తి, గొంతు వ్యాధులు, పక్షవాతములో మాట పోవడము, మింగడములో ఇబ్బంది, వినికిడి పరీక్షలు, వినికిడి యంత్రాలు, కాక్లియర్ ఇంప్లాంటు గూర్చి నేర్చుకుంటారు. చదువుతున్నప్పుడే క్లినిక్‌లో పెద్దల పర్యవేక్షణలో రోగులను చూస్తారు.

ఈ కోర్సు పేరు బి.ఏ.ఎస్.ఎల్.పి., అనగా బ్యాచిలర్ ఇన్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పెథాలజీ. మూడేళ్ళు చదువు, ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్, మొత్తము నాలుగేళ్ళు. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారే కాదు, సాధారణంగా ఎంపీసీ వారు కూడా చేరవచ్చు. ప్రవేశ పద్ధతి సంస్థను బట్టి మారుతుంది కాబట్టి ఆ యేటి ప్రకటన చూసుకోవాలి. పై చదువు కావాలంటే రెండేళ్ళ ఎం.ఎస్సీ. ఉన్నది.

ఎక్కడ చదవాలి?

మన దేశములో ఈ విద్యకు పేరుపొందినది మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. ఇది 1960వ దశకములో మొదలైంది. ముంబైలో 1983లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఏర్పడింది. ఆ పేరుగల పెద్దమనిషి మన హైదరాబాదువారే, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా పనిచేశారు. ఆ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రము ఉన్నది. మన మిషన్ ఆసుపత్రులవారికి బాగా తెలిసిన వేలూరు సి.ఎం.సి.లో కూడా ఈ కోర్సు ఉన్నది.

ఒక జాగ్రత్త

ఈ వృత్తిని చేయడానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అనగా ఆర్.సి.ఐ.లో నమోదు ఉండాలి. 1992 చట్టము ప్రకారము నమోదు లేకుండా చేయడము శిక్షార్హము. చేరేముందు ఆ కాలేజీకి ఆర్.సి.ఐ. గుర్తింపు ఉన్నదో లేదో చూడండి. తల్లిదండ్రులు కూడా బిడ్డను ఎవరికి చూపించినా "మీ ఆర్.సి.ఐ. నంబరు ఎంతండీ?" అని మర్యాదగా అడగవచ్చు. నిజముగా చదివినవారు దానికి కోపగించుకోరు.

మన పిల్లలే ఎందుకు కావాలి?

ఇంజెక్షన్ ఏ భాషవారు ఇచ్చినా ఒకటే. మాట శిక్షణ అలా కాదు. పక్షవాతము వచ్చిన తాతగారికి మాట తిరిగి నేర్పాలంటే ఆయన ఇంట్లో పలికే మాటలతోనే మొదలుపెట్టాలి. "గిన్నె", "మంచము", "బుజ్జీ" వంటి మాటలు ఆయన నోట రావాలి. పల్నాడు యాస, కరీంనగరు యాస, శ్రీకాకుళం యాస వినగానే ఏది లోపమో, ఏది యాసో తెలియాలి. అందుకే తెలుగు ఊళ్ళలో పుట్టి పెరిగిన అమ్మాయిలు, అబ్బాయిలు ఈ చదువుకు రావాలి. ఇంటరు చదివే బిడ్డలున్న తల్లిదండ్రులు ఈ దారి కూడా ఉన్నదని వారికి చెప్పండి.

తల్లులు గుర్తుంచుకోవలసినవి

• పుట్టిన నెలలోగా వినికిడి పరీక్ష చేయించడం మంచిది. లోపము ఉంటే మూడు నెలలలోగా నిర్ధారణ, ఆరు నెలలలోగా చికిత్స మొదలుకావాలి.
• ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనలేకపోయినా ఆగవద్దు.
• 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఇటువంటి పిల్లలను జిల్లా స్థాయి డి.ఇ.ఐ.సి. కేంద్రాలకు ఉచితముగా పంపుతారు. మీ ఆశా కార్యకర్తను లేదా అంగన్‌వాడీ టీచరును అడగండి.

మార్కు సువార్త 7వ అధ్యాయములో చెవుడు, నత్తి ఉన్న ఒక మనిషిని యేసుప్రభువు గుంపులో నుండి పక్కకు తీసుకొని వెళ్ళి బాగుచేసిన సంగతి మీకు తెలుసు. ప్రభువు ముందు అతని చెవులను ముట్టాడు, తరువాతనే నాలుకను ముట్టాడు. నేను ఆ వాక్యము ఎన్నోసార్లు చదివాను గాని, ఆ బాబును చూసేవరకు ఆ వరుసను గమనించలేదు.

ఇప్పుడు మాటలు రాని బిడ్డను ఏ తల్లి తీసుకొచ్చినా "కంగారు పడకమ్మా" అని ఊరుకోను. "ముందు చెవి పరీక్ష చేయిద్దాము, రా అమ్మా" అంటాను. మీ వీధిలో అటువంటి బిడ్డ ఉంటే మీరు కూడా ఆ మాటే చెప్పండి.