లెక్క తెలిస్తేనే రక్షణ

హాజరు పట్టీ చూడనిదే బడికి ఎవరు రాలేదో ఉపాధ్యాయులమైన మేము చెప్పలేం. శ్వాసకోశ వ్యాధి వ్యాపించినప్పుడు ప్రభుత్వం పరిస్థితి కూడా అంతే. ఎక్కడ, ఎందరికి, ఎప్పటినుంచి జ్వరం, దగ్గు ఉన్నాయో ముందు తెలియాలి. దీన్నే వ్యాధి నిఘా అంటారు.

ఈ లెక్క ఆలస్యమైతే ఏమవుతుందో సార్స్ చూపింది. 2002 నవంబరులో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో మొదలైన ఆ వ్యాధి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థకు అధికారిక సమాచారం 2003 ఫిబ్రవరిలో గానీ అందలేదు. ఈలోగా వ్యాధి ముదిరి, తర్వాత ఎన్నో దేశాలకు పాకి, 774 మందిని బలిగొంది. టీకా లేకపోయినా, రోగులను వేరుగా ఉంచి, వారిని కలిసినవారిని వెదకి, 2003 జూలైకి దాన్ని అదుపు చేయగలిగారు. ఆ అనుభవం తర్వాత 2005లో అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను సవరించారు. ఇతర దేశాలకూ ముప్పు కాగల వ్యాధి అని అంచనాకు వస్తే 24 గంటల్లో ప్రభుత్వం ఆ సంస్థకు తెలియజేయాలి.

అయితే ప్రభుత్వానికి ఆ లెక్క అందేది మన గడప నుంచే. 2021 మేలో తెలంగాణలో ఇంటింటా జ్వర సర్వే జరిగింది. కోవిడ్ రోజుల్లో భయంతో, సిగ్గుతో జ్వరం దాచిన ఇళ్లు మనకు తెలుసు. దాచిన జ్వరం లెక్కకు రాదు. లెక్కకు రానివారికి పరీక్షా అందదు, మందూ అందదు. పొరుగింటివారికి హెచ్చరికా ఉండదు. ఆశా కార్యకర్త తలుపు తట్టినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పడం మనందరి బాధ్యత.