తెరకంటే ముందే చెప్పు

చిరంజీవి సౌమ్యకు,

సాయంత్రం టీవీలో జెపర్డీ క్విజ్ పెడితే ఇంట్లో అందరికన్నా నీకే ఎక్కువ జవాబులు వస్తున్నాయని మీ అమ్మ ఫోన్లో మురిసిపోయింది. ఎప్పటికైనా ఆ వేదికెక్కాలని నీకు ఉందట. మంచి కోరిక. అందుకు సాధన ఇప్పుడే, ఆ సోఫా మీద కూర్చునే మొదలుపెట్టొచ్చు. కాకపోతే ఆ ఆటను ఇంట్లో ఎలా ఆడాలో కాస్త తెలిసి ఉండాలి.

ఆ కార్యక్రమం పుట్టుకే ఒక కథ. 1950లలో అమెరికాలో కొన్ని క్విజ్ షోల వాళ్లు తమకు కావాల్సిన పోటీదారులకు జవాబులు ముందే అందించారని బయటపడింది. జనానికి ఆ షోలంటేనే నమ్మకం పోయింది. మళ్లీ అలాంటిది ఒకటి మొదలుపెట్టాలని మెర్వ్ గ్రిఫిన్ ఆలోచిస్తుంటే, జవాబులే ముందు ఇచ్చేసి ప్రశ్నలు వాళ్లనే అడగమంటే పోలా అని ఆయన భార్య జూలన్ సలహా ఇచ్చింది. అలా 1964 మార్చి 30న ఎన్‌బీసీలో జెపర్డీ మొదలైంది. ఇప్పుడు మీరు చూస్తున్న రూపం 1984 నాటిది. అలెక్స్ ట్రెబెక్ 2020లో కన్నుమూసేదాకా దాన్ని నడిపారు. ఇప్పుడు నడుపుతున్న కెన్ జెన్నింగ్స్ 2004లో వరసగా 74 ఆటలు గెలిచిన మనిషి.

ఇక్కడ మనవాళ్లకు అలవాటైన క్విజ్ వేరు. 2000 జులైలో అమితాబ్‌తో కౌన్ బనేగా కరోడ్‌పతి వచ్చింది. 2014లో నాగార్జునతో మీలో ఎవరు కోటీశ్వరుడు వచ్చింది. 2021లో ఎన్టీఆర్ నడిపిన ఎవరు మీలో కోటీశ్వరులులో ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ కోటి రూపాయలు గెలిస్తే తెలుగు ఇళ్లన్నీ సంబరపడ్డాయి. వాటిలో నాలుగు ఆప్షన్లు కళ్లముందే ఉంటాయి. ఇంట్లో కూర్చున్నవాళ్లకు అందులో రెండు కావని తేలిగ్గా తెలిసిపోతుంది, మిగిలినవాటిలో ఒకటి ఎక్కడో విన్నట్టు అనిపిస్తుంది. చూసి గుర్తుపట్టడం వేరు, ఏ ఆసరా లేకుండా గుర్తుతెచ్చుకోవడం వేరు. జెపర్డీ అడిగేది రెండోదాన్ని. పైగా అక్కడ బోర్డు మీద ఒక్కో గడిలో ఒక్కో క్లూ, దానికో డాలర్ల విలువ ఉంటాయి; తప్పు చెప్పినవాళ్ల ఖాతాలోంచి ఆ క్లూ విలువంత డబ్బు పోతుంది.

ఇంట్లో ఆడేవాళ్లను మోసగించేది ‘అబ్బ, ఇది నాకు తెలుసు’ అన్న మాట. జవాబు తెర మీద వినబడిన అర సెకనుకు ఆ మాట వస్తుంది, నిజంగానే తెలిసినట్టు ఉంటుంది. దీని మీద బారుక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పరిశోధన చేశాడు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, రష్యా పర్యటనలకు వెళ్లేముందు అక్కడ ఏమేం జరగొచ్చో అంచనాలు వేయమని కొందరిని అడిగారు. పర్యటనలు అయిపోయాక, అప్పుడు మీరేం చెప్పారో గుర్తుచేసుకోండి అన్నారు. నిజంగా జరిగినవాటిని తాము ముందే గట్టిగా ఊహించామని చాలామంది నమ్మారు, కాగితం మీద మాత్రం అంత గట్టిగా లేదు. ఆ ఫలితాలు 1975లో అచ్చయ్యాయి. అబద్ధమాడాలని ఎవరికీ లేదు, మనసు అలా సర్దేసుకుంటుంది, అంతే.

అందుకని మొదటి నియమం: జవాబు పైకి చెప్పాలి, పోటీదారుడు నోరు తెరిచేలోపు చెప్పాలి. పెదవి కదపనిది లెక్కలోకి రాదు.

రెండోది, లెక్క రాయాలి. 1996లో ఆ షోలో గెలిచిన కార్ల్ కోర్యాట్ అనే ఆయన ఇంట్లో సాధన చేసేవాళ్లకు ఒక పద్ధతి పెట్టాడు. ఇప్పటికీ ఆ ఆట పిచ్చి ఉన్నవాళ్లలో చాలామంది దాన్నే వాడతారు. సరైన జవాబుకు క్లూ విలువ కలపాలి, తప్పుకు తీసేయాలి, నోరు మెదపకపోతే సున్నా. షోలో పోటీదారులు పందెం కాసే డైలీ డబుల్ గడి వస్తే ఇంట్లో పందెం ఉండదు: సరిగ్గా చెబితే ఆ గడి విలువ కలుస్తుంది, తప్పయితే ఏమీ పోదు. చివర్లో పందెం కాసి ఆడే ఫైనల్ జెపర్డీ క్లూను లెక్కించరు. రెండు రౌండ్లలో ఉన్న 60 క్లూలూ కొడితే 54,000 డాలర్లు వస్తాయి. ఈ పద్ధతిలో గొప్పదనమంతా తీసివేతలోనే ఉంది. తెలియనిచోట ఊరుకోవడం కూడా ఆటే అని అది నేర్పుతుంది. స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పిన ఈ పెద్దమ్మ అనుభవంలో కూడా, తనకేది తెలుసో ఏది తెలియదో కచ్చితంగా చెప్పగలిగిన పిల్లలు అరుదు, వాళ్లే తొందరగా ఎదుగుతారు.

అయితే ఇంటి అంకె చూసి పొంగిపోకూడదు. వేదిక మీద ముగ్గురి చేతుల్లోనూ బజర్ ఉంటుంది. క్లూ చదవడం పూర్తికాకముందే నొక్కితే అది పావు సెకను పనిచేయదు, ఆ పావు సెకనులో పక్కవాళ్లు తన్నుకుపోతారు. కాబట్టి ఇంట్లోనూ క్లూ మొత్తం చదవనిచ్చి, అప్పుడు చెప్పడం అలవాటు చేసుకోవాలి.

మొత్తం చదవడంలో ఇంకో లాభం ఉంది. మంచి క్లూకు రెండు ద్వారాలుంటాయి. ‘నంది కొండల్లో పుట్టిన ఈ నది గండికోట దగ్గర లోతైన లోయను చెక్కి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది’ అన్నారనుకో. గండికోట పేరే వినని పిల్ల కూడా నెల్లూరు అనగానే పెన్నను పట్టుకోవచ్చు. ‘ఈ నది’ అన్న రెండు మాటలు ఇంకా ముఖ్యం. కావాల్సింది ఊరా, మనిషా, నదా అన్నది అక్కడే తేలిపోతుంది. మిగతా వాక్యంలోని పేర్ల వెంట పరుగెత్తి, అడగని జవాబు చెప్పి డబ్బు పోగొట్టుకునేవాళ్లు రోజూ కనిపిస్తారు.

తప్పిపోయినవాటికి ఒక నోటుబుక్ పెట్టాలి. దాన్ని ఊరికే తిరగేసి చదివితే లాభం తక్కువ. రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు 2006లో ఈ సంగతి చూపించారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టినదాంట్లో మాత్రం, చదవడం ఆపి గుర్తున్నది రాసుకున్నవాళ్లే గెలిచారు. పేజీకి ఒకవైపు క్లూ, రెండోవైపు జవాబు రాసి, జవాబును చేత్తో మూసి నిన్ను నువ్వే ప్రశ్నించుకోవాలి.

కొన్ని వారాలు గడిస్తే ఏ సబ్జెక్టులో గండి ఉందో ఆ పుస్తకమే చెబుతుంది. మీ ఇంట్లో అది ఎక్కడుంటుందో పెద్దమ్మ అక్కడున్నప్పుడే గమనించింది: బైబిలు, పాత హాలీవుడ్ సినిమాలు, అమెరికా అధ్యక్షుల చరిత్ర. గుంటూరులో చదువుకుని అమెరికా వెళ్లిన మీ అమ్మానాన్నల మాటల్లో అవి దొర్లవు కాబట్టి నీ చెవిన పడలేదు, అంతకుమించి ఏమీ లేదు. 2019లో 32 ఆటలు గెలిచిన జేమ్స్ హోల్జ్‌హౌర్ తనకు పట్టని విషయాలను లైబ్రరీలో చిన్నపిల్లల పుస్తకాలు చదివి నేర్చుకున్నానన్నాడు. బొమ్మలతో, ముఖ్యమైన నాలుగు సంగతులతో ఉండే ఆ పుస్తకాలే ఇలాంటి ఆటకు సరిపోతాయి, నామోషీ పడక్కర్లేదు. అంతటివాణ్ని ఓడించిన ఎమ్మా బోచర్ లైబ్రేరియన్. జెపర్డీ క్లూ ఎంత కష్టమైనదో ముందే అంచనా వేయొచ్చా అన్నదే మాస్టర్స్‌లో ఆమె రాసిన వ్యాసం. ఆడుతూనే ఆటను చదివిన మనిషి.

ఆట నడుస్తున్నంతసేపూ ఫోన్ వేరే గదిలో ఉండాలి. తమ్ముడు నీతోపాటు అరుస్తున్నాడని విసుక్కోవద్దు. వాడికొక సబ్జెక్టు వదిలిపెట్టు, ఆ గళ్లలో మొదటి మాట వాడిది. మన దేశం మీద క్లూ వస్తే మీ నాన్నను అడుగు, ఆయన సంతోషం చూడాలి.

పద్దెనిమిది నిండాక ఆన్‌లైన్‌లో జెపర్డీ వాళ్ల ఎంపిక పరీక్ష రాయొచ్చు. 50 క్లూలు, ఒక్కోదానికి 15 సెకన్లు. అక్కడ జవాబును ప్రశ్నలా రాయాల్సిన పనిలేదు. అప్పటిదాకా నెలకోసారి నీ లెక్కల పేజీ ఫోటో తీసి పంపించు, తీసివేతలతో సహా.

ప్రేమతో,
పెద్దమ్మ