ఉల్లిపాయ వేగితే కంపు కొడుతోంది

అక్కా,
మాది రేపల్లె. కర్రీ పాయింట్ మీద బతుకుతున్నాం. సంక్రాంతి ముందు జలుబు చేసి సైనస్‌లోకి దిగింది. తెనాలిలో చూపించుకున్నాక దిబ్బడ, తలనొప్పి తగ్గాయి గానీ వాసన పోయింది. తర్వాత తిరిగొచ్చిందని సంబరపడితే, ఉల్లిపాయలు వేగుతుంటే రబ్బరు కాలిన కంపు! కాఫీ నోట పెట్టలేను. గోంగూరలో పులుపు తప్ప ఇంకేం తెలియదు. మొన్న పాడైందనుకుని చేపల పులుసంతా పారబోస్తే, నిక్షేపంలా ఉందని మా ఆయన కోప్పడ్డారు. బాపట్లలో ఉన్న మా అమ్మాయి ధైర్యం చెబుతోంది. అత్తయ్య మాత్రం ఇదంతా నా భ్రమంటోంది. నా చేతి రుచి మళ్లీ వస్తుందా?
– ఒక సోదరి, రేపల్లె

చెల్లెమ్మా,
ఇది భ్రమ కాదు. అత్తయ్యగారికి ఈ ఉత్తరం చదివి వినిపించు. పులుపు తెలుస్తోందంటే నీ నాలుక బాగానే ఉంది. తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసం రసంలో ఉండే కమ్మదనం, నాలుకకు తెలిసేవి ఇవే. (కారం రుచి కాదు, మంట.) గోంగూరను గోంగూరగా గుర్తుపట్టేది, నములుతుంటే గొంతు వెనక నుంచి ముక్కులోకెక్కే వాసన. దాన్ని పట్టే నరాల కణాలు ముక్కు పైభాగంలో ఉంటాయి. జలుబు వైరస్ వాటిని దెబ్బతీస్తుంది. అవి మళ్లీ పుడతాయి. కొత్తవి కుదురుకునేదాకా మెదడుకు అరకొర కబురే అందుతుంది, అందుకే ఆ కంపు. దీన్ని పారోస్మియా అంటారు. ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, వేపుళ్లతోనే ఎక్కువ బాధ. చాలామందికి ఇది కోలుకునే దారిలో వచ్చేదే. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. అందరికీ పూర్తిగా తగ్గుతుందని మాటివ్వలేను.

ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు మళ్లీ చూపించు. లోపల వాపో, పాలిప్ కండో మిగిలి ఉంటే దానికి వైద్యం వేరు. దిబ్బడ చుక్కలు సొంతంగా రోజుల తరబడి వేసుకోకు. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం వాసన తగ్గినవారికి గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ (నీలగిరి) వాసనలను రోజూ రెండుపూటలా 12 వారాలు చూపిస్తే కొందరికి మెరుగైంది. నువ్వూ చెయ్యి. లవంగాలు, నిమ్మతొక్క వంటింట్లోవే. నీలగిరి తైలం మందుల షాపులో దొరుకుతుంది. వాసన తెలియకపోయినా, ఒకప్పుడు ఎలా ఉండేదో తలుచుకుంటూ పీల్చు.

నాకు అన్నిటికన్నా భయం గ్యాసు. లీకు తెలియాలని అందులో కలిపే ఘాటు నీకు అందకపోవచ్చు. లీకు అలారం పెట్టించు. రాత్రి రెగ్యులేటర్ కట్టెయ్యి. ఉప్పు, పులుపు నువ్వే చూసుకో. మసాలా కొలిచి వెయ్యి. చేప కొనేటప్పుడు, కూర దించేటప్పుడు మీ ఆయన్ని వాసన చూడమను. ఆయన సరేననందే ఏ గిన్నే పారబోయకు.