పాత మిలిటరీ లారీ కొంటానన్న అబ్బాయికి

బాబూ, పాత మిలిటరీ లారీ ఒకటి కొని బాగుచేస్తానని పట్టుపట్టావట. నిన్ను ఎలాగైనా మాన్పించమని మీ నాన్న ఫోన్ చేశాడు. నేను మాన్పించను. సైన్యంలో బండ్లు బాగుచేసే ఇ.ఎం.ఇ. విభాగంలో మెకానిక్‌గా చేరింది మొదలు పెన్షన్ తీసుకునేదాకా ఆ బండ్ల కిందే బతికినవాణ్ణి. పాత ఇనుము కొట్ల దగ్గర వాటిని గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేస్తుంటే అక్కడ నిలబడలేను. ఒక్కటి నీ చేతిలో బతికినా నాకు సంతోషమే. అయితే కొనేముందు ఈ నాలుగు మాటలు విను. డబ్బు పెట్టి మళ్లీ చేయించుకోగలిగిన వాటికి బెంగపడకు. ఎంత పెట్టినా చేయించుకోలేని వాటిని మాత్రం ముందుగా చూడు.

1. ఏ బండి కావాలో తేల్చుకో.

మన సైన్యంలో పాత లారీ అంటే ముఖ్యంగా రెండు: శక్తిమాన్, నిసాన్ వన్ టన్. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో శక్తిమాన్ మొదలైంది. అప్పుడు రక్షణ మంత్రి కృష్ణ మీనన్. సైన్యానికి కావలసిన లారీలు మన దేశంలోనే తయారు కావాలని పట్టుబట్టిన మనిషి ఆయన. జపాన్ నిసాన్ వాళ్ల వన్ టన్ తయారీ కూడా ఆ కాలంలోనే మొదలైంది. 1969లో అదే ఊళ్లో వెహికల్ ఫ్యాక్టరీ పెట్టాక ఈ బండ్లు అక్కడ తయారయ్యాయి. శక్తిమాన్ 1990ల నడుమ దాకా వచ్చింది, తర్వాత దాని చోటు స్టాలియన్ లారీ తీసుకుంది.

శక్తిమాన్ మీద నాకెంత ప్రేమ ఉన్నా నీకు మాత్రం వన్ టన్నే చెబుతాను. శక్తిమాన్ త్రీ టన్ డీజిల్ బండి. అది కాలనీ సందులో తిరగదు, దాని గేర్‌బాక్స్ దింపాలంటే క్రేన్ కావాలి. వన్ టన్‌లో ఉన్నది 3,956 సీసీ, ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజను. మిలిటరీ జీపు జోంగాలో ఉన్నదీ ఆ కుటుంబం ఇంజనే. జోంగాల మీద మోజు ఉన్నవాళ్లు దేశమంతటా ఉన్నారు కాబట్టి వాళ్ల పుణ్యమా అని ఆ ఇంజను సామాన్లు ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి. కొత్తగా పని నేర్చుకునేవాడికి ఇంతకంటే పెద్ద ఆసరా లేదు.

2. బండి కంటే ముందు కాగితం చూడు.

సైన్యంలో ఉన్నంతకాలం ఆ లారీకి ఆర్టీవో ఆఫీసుతో సంబంధం లేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 60వ సెక్షన్ కింద దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. సైన్యం చేతి నుంచి బయటపడిన క్షణం నుంచి మాత్రం 39, 40 సెక్షన్లు దానికీ వర్తిస్తాయి. అంటే మామూలు బండిలాగే రిజిస్టర్ చేయించనిదే రోడ్డెక్కకూడదు.

సైన్యం పక్కన పెట్టిన బండ్లు ఎక్కువగా ప్రభుత్వ సంస్థ ఎం.ఎస్.టి.సి. ఆన్‌లైన్ వేలాల్లో, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముడవుతాయి. చాలాసార్లు ఒకే లాటులో నాలుగైదు బండ్లు కలిపి ఉంటాయి. అందుకే మామూలు మనిషికి అక్కడ దొరకదు, లాటు కొన్న వ్యాపారి దగ్గర కొనాలి. ఆ వ్యాపారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు. ఇది బండిగా అమ్మారా, తుక్కుగా అమ్మారా? తుక్కుగా అమ్మినదానికి రిజిస్ట్రేషన్ ఆశ వదులుకో. బండిగా అమ్మినదైతే సైన్యం ఇచ్చిన అమ్మకం పత్రం అసలు ప్రతి చూడు. అందులోని చాసిస్ నంబరు, ఇంజను నంబరు లోహం మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోల్చు. గీకినట్టున్నా, మళ్లీ గుద్దినట్టున్నా దండం పెట్టి వచ్చెయ్. పాత నంబరు ప్లేటు ఉంటే ఇంకా మంచిది. పైకి చూసే బాణం గుర్తు పక్కనున్న రెండు అంకెలు బండి ఏ సంవత్సరానిదో చెబుతాయి. పత్రంలోని సంవత్సరానికీ దానికీ పొత్తు కుదరాలి.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది కదా అంటావేమో. 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు, నంబరులో వీఏ అక్షరాలు, అంతా నిజమే. కానీ ఆ నియమం సొంతానికి వాడుకునే ద్విచక్ర వాహనాలనూ కార్లనూ దృష్టిలో పెట్టుకుని రాసింది. లారీకి దొరుకుతుందని అడ్వాన్సు ఇచ్చెయ్యకు. ముందు మీ ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి అడుగు.

3. ఆలివ్ గ్రీన్ వెయ్యకు.

ఇది చాలామంది మనసు విరిచే మాట. మిలిటరీ బండి అంటేనే ఆ రంగు. కానీ కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ బండ్లకు తప్ప మరే బండికీ ఆ రంగు ఉండకూడదు. బాణం నంబరూ అంతే. దీంట్లో అన్యాయమేమీ లేదు. సైనిక వాహనంలా కనబడే ప్రైవేటు బండి చెక్‌పోస్టు దగ్గరికి వస్తే కాపలా జవాను పరిస్థితి ఏమిటో అక్కడ నిలబడ్డవాళ్లకు తెలుసు. ఇసుక రంగు వేసుకో, బూడిద రంగు వేసుకో, వన్ టన్ ముక్కు ఏ రంగులోనైనా అందంగానే ఉంటుంది.

4. రేకు కాదు, పోత చూడు.

కొనేవాళ్లంతా డోరు తుప్పు చూసి బేరమాడతారు. డోరు దిగులు నీకొద్దు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీలకు వన్ టన్ డోరు, మడ్‌గార్డు, వెనక తొట్టి పెద్ద పనులు కావు. నువ్వు పాత రేకు నమూనాగా పట్టుకెళ్తే చాలు. అందుకే ఎంత కుళ్లినా పాత రేకు పారెయ్యకు. పోత పోసిన భాగాల సంగతి వేరు. ఇంజను బ్లాకు, సిలిండర్ హెడ్డు, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక యాక్సిల్ హౌసింగులు ఏ మేస్త్రీ చేసిచ్చేవి కావు. వాటి మీద చెయ్యి ఆనించి, టార్చి వేసి, పగుళ్లు వెతుకు. బ్లాకు పక్కన పాత వెల్డింగు కనబడితే, ఎందుకు పగిలిందో అమ్మేవాడు చెప్పలేకపోతే, ఆ ఇంజనును లెక్కలోంచి తీసేసి ధర కట్టు.

ముందు యాక్సిల్ విషయంలో బద్ధకించకు. జాకీ మీద లేపి చక్రాన్ని పైకీ కిందకీ ఊపు, తర్వాత ఫోర్ వీల్ లివర్ వేసి చక్రం తిప్పు. ముందు యాక్సిల్ లోపలి గేర్లు ఎప్పుడో పాడైతే వాటిని తీసేసి, ఉత్త టూ వీల్ డ్రైవ్ బండిగా నడిపి అమ్మినవి ఉన్నాయి. బయటికి ఏమీ తెలియదు. ఆ క్రౌన్, పినియన్ గేర్లు జతగా దొరకడం ఇవాళ చాలా కష్టం. చాసిస్ రెండు పట్టాలనూ సుత్తితో తట్టుకుంటూ వెళ్లు. కమాన్ బ్రాకెట్ల దగ్గర మట్టి చేరి తేమ నిలిచే చోట్ల శబ్దం మారితే అక్కడ లోహం పలచబడిందని అర్థం.

5. స్టార్ట్ చేసి చూపిస్తానంటే ఒప్పుకోకు.

ముందు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పు. ఇంజను తిరిగితే సగం భయం పోయినట్టే. తిరగకపోతే బలవంతం వద్దు. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కిరోసిన్, ఇంజను ఆయిల్ కలిపి పోసి, కొన్నాళ్లు నాననిచ్చి మళ్లీ చూడాలి. ఆయిల్ కడ్డీ తీసి చూడు. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరుతున్నాయి.

6. నడిపించేముందు ఆపడం.

ఇంజను మొదటిసారి పలికిందంటే కుర్రవాళ్ల ఒళ్లు ఆగదు. వెంటనే గేటు దాటించాలనిపిస్తుంది. మాస్టర్ సిలిండరు, నాలుగు చక్రాల సిలిండర్లు, రబ్బరు హోసులు, ఇనుప పైపులు అన్నీ కొత్తవి పడేదాకా ఆ బండిని గజం కూడా కదిలించకు. ఇంకో మాట, ఇది నీ ఊపిరితిత్తుల కోసం చెబుతున్నాను. ఆ కాలం బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పి కంప్రెసర్ గాలి కొట్టొద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారెయ్యి. మా తరంలో ఎవరూ మాకిది చెప్పలేదు.

7. చక్రం దగ్గర ప్రాణం జాగ్రత్త.

ముక్కలుగా విడిపోయే రిమ్ముకు గాలి కొట్టేటప్పుడు లాక్ రింగు సరిగా కూర్చోకపోతే తుపాకీ గుండులా ఎగురుతుంది. ఇనుప పంజరంలో పెట్టి, పక్కకు నిలబడి గాలి పట్టే షాపులోనే చేయించు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు వారం, సంవత్సరం. పువ్వులెంత బాగున్నా ఏళ్లు గడిచిన టైరును నమ్మకు.

8. ఇవాళ్టి పెట్రోలు దానికి పరాయిది.

సీసం కలిపిన పెట్రోలుకు తయారైన ఇంజను అది. 2000లో మన దేశంలో ఆ పెట్రోలు ఆగిపోయింది. ఆ సీసం వాల్వ్ సీట్లను అరగకుండా కాసేది. హెడ్డు దింపినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపి పోస్తున్నారు. అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తేమను పీల్చుకుని ట్యాంకుకు లోపల తుప్పు తెస్తుంది. పంపు డయాఫ్రమ్, గొట్టాలు ఇథనాల్‌కు ఆగే రకం వేసుకో. బండి నెలల తరబడి నిలబడేట్టయితే ట్యాంకు ఖాళీ చెయ్యి.

9. బండినంతా ఒక్కసారి విప్పకు.

ఇలాంటి పనులు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. ఉత్సాహంతో మొదటి నెలలోనే అంతా విప్పేస్తారు, ఆరు నెలలకు ఏ బోల్టు ఎక్కడిదో తెలియదు, చివరికి గోనెసంచుల్లో తూకానికి పోతుంది. ఒక విభాగం విప్పు, బాగుచెయ్యి, బిగించు, తర్వాతే ఇంకొకటి. విప్పేముందు ఫొటో తియ్యి, బోల్టులను చీటీ కట్టి డబ్బాలో పెట్టు. కప్పు ఉన్న చోటు, తాళం పడే గది లేకపోతే బండి కొనడం వాయిదా వెయ్యి.

10. ఆనవాళ్లు చెరపకు.

పాత రంగు గీకేముందు నీళ్లు చల్లి నెమ్మదిగా చూడు. పొరల కింద యూనిట్ గుర్తులు, స్టెన్సిల్ అంకెలు కనబడొచ్చు. వాటిని రాసుకో, ఫొటో తీసుకో. డాష్‌బోర్డు మీది జబల్‌పూర్ పలకల రివెట్లను జాగ్రత్తగా తీసి, పని అయ్యాక అక్కడే తిరిగి పెట్టు. సీటు పక్కన ఎవరో డ్రైవరు తగిలించుకున్న కొక్కెం, తొట్టిలో బెంచీలు అరిగిన గీతలు సరిచెయ్యకుండా ఉంచు. వన్ టన్ నడిపినవాళ్లు సికింద్రాబాద్ చుట్టుపక్కల నాకు తెలిసినవాళ్లే చాలామంది ఉన్నారు, అందరూ వయసు మీదపడినవాళ్లు. వాళ్ల నంబర్లు ఇస్తాను. కొండ రోడ్డు మీద ఏ గేరులో దిగేవాళ్లో, చలిలో ఎలా స్టార్ట్ చేసేవాళ్లో వెళ్లి అడుగు. వాళ్లు చెప్పింది నోటుబుక్కులో రాసుకో.